మోకాలి బంధనము తెగినచో – ఎదుగు పిల్లలకు శస్త్రచికిత్స

మన భవానిపేట సందులలో పగలంతయు సాంచాల చప్పుడు వినబడును. సాయంకాలమయినచో పిల్లల కూతలు వినబడును. మన పెద్దలు చెడుగుడు అని పిలిచిన ఆటనే మహారాష్ట్రులు హుతుతు అనెడివారు. నేడు అందరును కబడ్డీ అనుచున్నారు. పేరు ఏదయినను ఆ ఆటకు ఆయువుపట్టు మోకాలు. కూతకు వెళ్ళినవాడు ఒంటికాలిపై గిరుక్కున తిరుగవలెను. ఎదుటివారు వాని చీలమండను పట్టి లాగుదురు. ఆ క్షణమున మోకాలిలోపల ఏమి జరుగుచున్నదో ఆడువానికిని తెలియదు, చూచువానికిని తెలియదు. ఉపాధ్యాయుడనైన నాకును ఒకప్పుడు తెలియలేదు. నా తెలియమివలన ఒక విద్యార్థికి కలిగిన నష్టమే నాచేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందటి మాట. ఎనిమిదవ తరగతి బాలుడొకడు, పదమూడేండ్లవాడు, కూతకు వెళ్ళి వెనుకకు మరలుచు కూలబడెను. "సార్, మోకాలి లోపట టప్పుమన్నది" అనెను. నేను చూచితిని. రక్తము లేదు; ఎముక వంకరపోలేదు. "ఏమీ కాలేదు, లేచి నడువురా" అంటిని. రెండు గంటలు గడువకమునుపే ఆ మోకాలు కొబ్బరికాయవలె ఉబ్బెను. ఇంటివద్ద తల్లి వేడినీటి కాపడము పెట్టెను. ఎవరో చెప్పగా కట్టుకట్టువానియొద్ద నూనె రాయించి బద్దలు కట్టించిరి. మూడు వారములకు వాపు తగ్గెను. బాలుడు మరల ఆటకు వచ్చెను. ఆ యేడాదిలో వాని మోకాలు మూడుమారులు జారి, మూడుమారులును వాడు పడిపోయెను. తుదకు తండ్రి పని మానుకొని వానిని ఎముకల వైద్యునియొద్దకు తీసికొనిపోయెను. అచ్చట రెండు సంగతులు బయటపడెను. మోకాలిలోపలి బంధనము మొదటి దినముననే తెగియుండెను. తరువాతి పాటులలో లోపలి మృదులాస్థి కూడ చినిగియుండెను. "మొదటి దెబ్బ ఆటవలన తగిలినది, రెండవది ఆలస్యమువలన తగిలినది" అని వైద్యుడు చెప్పెనట. ఆ తండ్రి నాతో ఈ మాట చెప్పునపుడు నన్ను నిందింపలేదు. కాని ఆ రెండవ దెబ్బలో నాకును పాలు కలదని నాకు తెలిసినది.

మోకాలి కట్టడము

తొడ ఎముక క్రింది కొనయు, కాలి పెద్ద ఎముక పై కొనయు కలియుచోటు మోకాలు. ముందు భాగమున మోకాలిచిప్ప కలదు. తొడ ఎముక కొన గుండ్రముగా నుండును; దానిని మోయు కాలి ఎముక తల చదునుగా నుండును. చదునైన బల్లమీద గుండ్రని వస్తువు తనంతట తాను నిలువదు. దానిని నిలుపునవి సంధిబంధనములు. వైద్యులు వీనిని లిగమెంటులు అందురు. ఇవి ఎముకకు ఎముకను కట్టియుంచు గట్టి నారపట్టీలు. మోకాలికి ముఖ్యమైనవి నాలుగు. రెండు ఇరుప్రక్కలను ఉండును. మిగిలిన రెండును కీలునడుమ కత్తెరవలె ఒకదాని నొకటి దాటుచుండును. ఈ రెండింటిలో ముందరి అడ్డబంధనము కాలి ఎముక ముందునకు జారకుండను, మితిమీరి మెలికపడకుండను కాపాడును. మన బాలునికి తెగినది ఇదియే.

రెండు ఎముకల నడుమ నెలవంక ఆకారముగల మృదులాస్థులు రెండు కలవు. ఇవి మెత్తలవలె బరువును పంచుకొనును. వీని లోపలి అంచునకు రక్తప్రసారము చాల తక్కువ. కావున అచ్చట చినిగినచో మానుట కష్టము. ఈ మెత్త పోయిన మోకాలు నడివయసుననే అరిగిపోవుటకు అవకాశము హెచ్చు.

ముందరి బంధనము తెగుటకు పెద్ద దెబ్బ తగులనక్కరలేదు. పరుగెత్తుచు ఠక్కున ఆగి తిరుగునపుడు, ఎగిరి ఒంటికాలిపై దిగునపుడు, మోకాలు లోపలివైపునకు ఒరిగి మెలికపడినచో ఎవరును తాకకుండగనే తెగవచ్చును. కబడ్డీలోనే కాదు, ఖోఖోలోను, ఫుట్‌బాలులోను ఇది కలదు. యౌవనారంభమున బాలురకంటె బాలికలకు ఈ ప్రమాదము ఎక్కువయని వైద్యులు గమనించిరి. గుర్తులు మూడు: తెగునపుడు లోపల టప్పుమను శబ్దము, కొన్ని గంటలలోనే వచ్చు వాపు, తరువాత నడకలో మోకాలు జారిపోవుచున్నట్లు తోచుట. త్వరగా వచ్చు వాపు కీలులో రక్తము నిండుటవలన కలుగును. అది ఎన్నడును తేలికగా తీసికొనదగినది కాదు.

తెగినది ఏల అతుకుకొనదు?

విరిగిన ఎముక అతుకుకొనును గదా, బంధనము ఏల అతుకుకొనదని మీరడుగవచ్చును. ప్రక్కబంధనము చుట్టును కండయు రక్తనాళములును ఉండును. ముఖ్యముగా లోపలిప్రక్కది తెగినను చాలమారులు పట్టీకట్టుతో కొన్ని వారములలో మానును. ముందరి అడ్డబంధనమో, కీలులోని ద్రవమున మునిగియుండును. ఆ ద్రవములో నెత్తురు గడ్డకట్టి తెగిన కొనలను కలుపుట జరుగదు. మన యిండ్లలో పడుగుపోగు తెగినచో రెండు కొనలను పట్టి ముడివేసి సాంచను నడుపుదుము. ఈ బంధనము అట్లు నున్నగా తెగదు; కొనలు పీచుపీచుగా విడిపోవును. 1895లో ఇంగ్లండులోని లీడ్సు నగరమున మేయో రాబ్సన్ అను శస్త్రవైద్యుడు ఒక గనికార్మికుని మోకాలిలో తెగిన బంధనములను కుట్టెను. కాని కుట్టు మాత్రమే చాలదని క్రమముగా తెలిసినది. 1917లో హే గ్రోవ్స్ అనునతడు తొడ వెలుపలి పొరనుండి తీసిన పట్టీని తెగిన బంధనమునకు బదులుగా అమర్చెను. పాతపోగును ముడివేయుటకు మారుగా క్రొత్తపోగును పెట్టు ఈ పద్ధతియే నేటికిని ఆధారము.

ఆ రోజులలో మోకాలిని వెడల్పుగా కోసి తెరువవలసి వచ్చెడిది. 1918లో టోక్యోలో కెంజి తకాగి సన్నని గొట్టముగుండ మృతదేహపు మోకాలి లోపలిభాగమును పరీక్షించెను. అతని శిష్యుడు మసాకి వతనబె 1950 తరువాతి సంవత్సరములలో ఆ పనిముట్టును వాడుకకు అనువుగా తీర్చిదిద్దెను. దీని పేరు ఆర్త్రోస్కోపు. నేడు చిన్నచిన్న రంధ్రములగుండ ఈ గొట్టమును, సన్నని పనిముట్లను పంపి, తెరపై చూచుచు శస్త్రచికిత్స చేయుదురు.

పిల్లల మోకాలు వేరు

పెద్దవారికి చేయు శస్త్రచికిత్సనే పిల్లలకు చేసినచో సరిపోదు. దీనికి కారణము పెరుగుదల. పిల్లల పొడుగాటి ఎముకల కొనలయందు మెత్తని పెరుగుదల పలక యుండును. ఎముక అచ్చటనే పొడవు పెరుగును. తొడ ఎముక పెరుగుదలలో రమారమి నూటికి 70 వంతులు మోకాలివైపు పలకనుండియే వచ్చును. కాలి పెద్ద ఎముక పెరుగుదలలో సగముకంటె ఎక్కువ మోకాలి క్రింది పలకనుండి వచ్చును. అనగా కాలు ఎదుగుటలో పెద్దభాగము మోకాలివద్దనే జరుగును. ఈ పలకలు సాధారణముగా బాలికలకు 14 ఏండ్ల ప్రాంతమున, బాలురకు 16 ఏండ్ల ప్రాంతమున ఎముకగా గట్టిపడి మూసికొనును.

క్రొత్త బంధనమును పెట్టుటకు ఎముకలలో రంధ్రములు తొలువవలెను. ఆ రంధ్రము పలకను దాటిపోయి, అందు ఎముకముక్కగాని లోహపు మరగాని అడ్డుపడినచో, ఆ చోట పలక ముందుగనే గట్టిపడవచ్చును. అప్పుడు కాలు పొట్టియగును. ఒకవైపు మాత్రమే గట్టిపడినచో కాలు వంకరపోవును. చద్దరు నేయునపుడు ఒక అంచు బిగిసి, రెండవ అంచు వదులుగా సాగినచో గుడ్డ ఎట్లు వంకరతిరుగునో మన యిండ్లలో చూడనివారు లేరు. ఎముక విషయమును అట్టిదే.

ఈ భయముచేతనే వెనుకటి వైద్యులు "పిల్లవాడు పూర్తిగా ఎదుగువరకు ఆగుడు" అని చెప్పి, పట్టీ కట్టి పంపెడివారు. ఆ సలహా మంచి యుద్దేశముతో ఇచ్చినదే. కాని పదేండ్ల బాలుని ఏండ్ల తరబడి పరుగెత్తవద్దనుట సాధ్యము కాలేదు. మోకాలు జారినప్పుడెల్ల నెలవంక మృదులాస్థి నలిగి చినుగుచుండెను. ఎదుగుదలను కాపాడబోయి కీలునే పోగొట్టుకొనుట యయ్యెను. అందుచేత పలకలకు హాని చేయని పద్ధతులను శస్త్రవైద్యులు కనిపెట్టిరి. 2018లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము పక్షమున నిపుణులు కూడి, పిల్లల ముందరి బంధనపు గాయముల విషయమై ఏకాభిప్రాయ ప్రకటన వెలువరించిరి.

అందరికిని కత్తి అక్కరలేదు

ఆ ప్రకటన సారాంశమును ఇచ్చట చెప్పుట మంచిది. బంధనము తెగిన ప్రతి పిల్లవానికిని శస్త్రచికిత్స తప్పదని వారు చెప్పలేదు. శ్రద్ధగా చేయించిన వ్యాయామ చికిత్సయే కొందరికి చాలును. మోకాలు మాటిమాటికి జారుచున్నను, నెలవంక మృదులాస్థివంటి బాగుచేయదగిన ఇతర భాగము చినిగినను, పిల్లవాడు తన సహజమైన ఆటపాటలలో పాల్గొనలేకున్నను శస్త్రచికిత్స చేయవలెను. వ్యాయామముతో సరిపుచ్చినవారిని కూడ వైద్యులు మాటిమాటికి పరీక్షించుచుండవలెను.

మరియొక విశేషము కలదు. చిన్నపిల్లలలో ఒక్కొక్కప్పుడు బంధనము తెగదు. అది అంటుకొనియున్న కాలి ఎముక తలలోని చిన్న మొన ఊడివచ్చును. మొన తన చోటనే యున్నచో కాలును చాపి కట్టుకట్టినచో అతుకుకొనును. పైకి లేచినచో ఆర్త్రోస్కోపుతో దానిని యథాస్థానమున దించి దారముతోగాని మరతోగాని బిగింతురు. ఇది ఎక్సురే పటములో కనబడును. బంధనముయొక్కయు మృదులాస్థియొక్కయు స్థితి తెలియుటకు ఎం.ఆర్.ఐ. పటము కావలెను.

శస్త్రచికిత్స చేయనెంచినచో పిల్లవాని వయసుకంటె వాని ఎముకల వయసు ముఖ్యము. ఎడమచేతి మణికట్టు ఎక్సురే తీసి దానిని కనుగొందురు. దానినిబట్టి మూడు మార్గములు కలవు.

మొదటిది, ఇంకను చాల ఎదుగవలసిన చిన్నవారికి. పలకలలో రంధ్రము తొలువరు. తొడ వెలుపలి పొరనుండి ఒక పట్టీని తీసి, తొడ ఎముక వెనుకనుండి కీలులోనికి త్రిప్పి, ముందుకు తెచ్చి కాలి ఎముకకు కుట్టుదురు. లేదా పలకకును కీలుకును నడుమనున్న ఎముకభాగములో మాత్రమే, ఎక్సురే తెరపై చూచుచు, రంధ్రము చేయుదురు.

రెండవది, ఎదుగుదల కొంత మాత్రమే మిగిలినవారికి. రంధ్రము పలకను దాటినను అది సన్ననిదిగా, పలక నడిభాగమున, నిలువుగా ఉండునట్లు చూతురు. అందులో మెత్తని స్నాయువును మాత్రమే నింపుదురు; ఎముకముక్కను, లోహమును పలకకు అడ్డముగా ఉంచరు. ఈ స్నాయువును సాధారణముగా రోగి తొడ వెనుకభాగమునుండియే తీసి, మడతలువేసి, బలముగా చేయుదురు. పేనిన పోగు ఒంటిపోగుకంటె బలమైనది గదా!

మూడవది, ఎదుగుదల ముగిసినవారికి. వీరికి పెద్దలకు చేయు పద్ధతియే చేయవచ్చును.

ఏ మార్గమయినను అపాయము బొత్తిగా లేదనలేము. చీము పట్టుట, మోకాలు బిగిసిపోవుట, క్రొత్త బంధనము మరల తెగుట, అరుదుగా కాలు పొట్టియగుట లేక వంకరపోవుట కలుగవచ్చును. కావుననే ఎదుగుదల ముగియువరకు వైద్యునికి చూపించుచుండవలెను. కుట్లు మానినవి గదా యని మానివేయరాదు.

శస్త్రచికిత్స తరువాతనే అసలు పరీక్ష

అమర్చిన స్నాయువు వెంటనే బంధనముగా మారదు. మొదట అది బలహీనపడి, తరువాత క్రమముగా శరీరములో కలిసి గట్టిపడును. మొదటి వారములలో వాపు తగ్గించుట, మోకాలిని పూర్తిగా చాపగలుగుట, తొడకండను మేల్కొలుపుట ముఖ్యములు. నేలపై బాసిపట్టువేసి కూర్చుండుట, గొంతుకూర్చుండుట వైద్యుడు చెప్పువరకు మానవలెను. భోజనమునకు, చదువునకు నేలమీద కూర్చుండుట మన అలవాటు. కావున ఇంటిలో ఒక కుర్చీయైనను, ఎత్తుపీటయైనను సిద్ధపరుపవలెను. కొన్ని నెలల తరువాత తిన్నని పరుగు, అటుపిమ్మట మలుపుల పరుగు నేర్పుదురు. మోకాలు మెలికపడు ఆటలకు తొమ్మిది నెలలకుముందు పోరాదు. పిల్లలు ఒక సంవత్సరము ఆగుట మంచిది. నొప్పి లేదనుట ఆడుటకు అనుమతి కాదు. 25 ఏండ్లలోపువారు మరల ఆటలకు దిగినప్పుడు రమారమి నలుగురిలో ఒకరికి ఏదో ఒక మోకాలిలో ముందరి బంధనము మరల తెగుచున్నదని పరిశీలనలు తెల్పుచున్నవి. తొందరపడువారికి ఈ ప్రమాదము మరింత హెచ్చు.

ఓర్పుతో ఏమి సాధింపవచ్చునో చూపుటకు మన తెలుగువాడొకని ఉదాహరింతును. 1973లో ప్రకాశము జిల్లా నాగండ్లలో జన్మించిన పుల్లెల గోపీచంద్ 1994లో మన రాష్ట్రముననే, పూణేలో జరిగిన జాతీయ క్రీడలలో బాడ్మింటన్ ఆడుచు మోకాలి బంధనము తెంచుకొనెను. శస్త్రచికిత్సయు, దీర్ఘమైన అభ్యాసమును కావలసివచ్చినవి. 1996లో అతడు జాతీయ విజేత యయ్యెను. 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ విజేత యయ్యెను. గాయపడునాటికి అతనికి 20 ఏండ్లు; ఎముకల ఎదుగుదల ముగిసిన వయసు. కావున అతని చికిత్స పదమూడేండ్ల బాలుని చికిత్సకు కొలత కాదు. అతని ఓర్పు మాత్రము అందరికిని కొలతయే.

మనము చేయవలసినది

ఆటస్థలమున మోకాలు టప్పుమన్నచో ఆ దినమున ఆట అంతటితో ముగిసినట్లే. నడిపించి చూడరాదు. కాలును ఎత్తుగా నుంచి, గుడ్డలో చుట్టిన మంచును పెట్టి, మెత్తని పట్టీ చుట్టవలెను. నూనె రాచి మర్దించుట, లాగుట, వేడికాపడము పెట్టుట కూడదు. వాపు కొన్ని గంటలలో వచ్చినచో ఎముకల వైద్యునికి వెంటనే చూపవలెను. మన ఊర 1963లో స్థాపితమైన డాక్టర్ వైశంపాయన్ స్మారక ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధమైన ఆసుపత్రి కలదు. మనవారు దానిని సివిల్ ఆసుపత్రి యందురు. వారపు కూలిపై బ్రతుకువారికి ఖర్చు మొదటి భయము. మహారాష్ట్ర ప్రభుత్వపు ఆరోగ్య పథకము 2012లో ఎనిమిది జిల్లాలలో ఆరంభమైనప్పుడు అందు మన సోలాపురము ఒకటి. 2017నుండి దానిని మహాత్మా జ్యోతిరావు ఫులే జన ఆరోగ్య యోజన అనుచున్నారు. పథకమున చేరిన ఆసుపత్రులలో ఆరోగ్యమిత్ర అను ఉద్యోగి యుండును. రేషనుకార్డు తీసికొనిపోయి, ఈ చికిత్స అందు చేరునా యని ముందుగా అతనినే అడుగవలెను. అప్పు చేయుటకు ముందు ఈ పని చేయుడు.

వైద్యునియెదుట మన తల్లులు మరాఠీ సరిగా రాదని మాటాడక ఊరకుందురు. పిల్లలారా, మీకు రెండు భాషలును వచ్చును. ఈ ఐదు ప్రశ్నలను మీరు అడిగి, సమాధానములను తెలుగులో ఇంటివారికి చెప్పుడు: ఏ బంధనము తెగినది? మృదులాస్థి చినిగినదా? నా ఎముకలు ఇంకను ఎంత ఎదుగవలెను? పెరుగుదల పలకను ఎట్లు కాపాడుదురు? శస్త్రచికిత్స తరువాత వ్యాయామము ఎవరు, ఎన్ని నెలలు నేర్పుదురు?

గాయము రాకుండ చేయుట అన్నిటికంటె చవుక. ఆటకుముందు పది పదునైదు నిమిషములు నెమ్మదిగా పరుగెత్తి, తొడకండలకును నడుముకును బలమిచ్చు వ్యాయామములు చేసి, ఎగిరి దిగునపుడు మోకాళ్ళను వంచి, అవి లోపలికి ఒరుగకుండ దిగుట అభ్యసింపవలెను. క్రమము తప్పక చేసినచో ముందరి బంధనపు గాయములు రమారమి సగము తగ్గుచున్నవని తేలినది. బాలికలకు ప్రమాదము ఎక్కువ యన్నందున వారిని ఆట మాన్పింపవలదు. ఈ అభ్యాసమును వారికి మరింత శ్రద్ధతో నేర్పవలెను.

ఆ బాలుని సంగతి చెప్పి ముగింతును. వానికి శస్త్రచికిత్స జరిగినది. చినిగిన మృదులాస్థిలో కొంతభాగమును కుట్టిరి, కొంతభాగమును తీసివేయవలసి వచ్చెను. తల్లి బీడీలు చుట్టుచు, ప్రక్కనే వానిచేత గంట చూచి కాలు ఎత్తించుచు దించుచుండెడిది. వాని తరగతిని మేము మేడమీదినుండి క్రిందికి మార్చితిమి. మరుసటి యేడు నారళీ పున్నమనాడు మార్కండేయుని రథము వెంట వాడు తండ్రితో కూడ చివరివరకు నడచెను. నన్ను చూచి నవ్వి, "సార్, టప్పుమంటలేదు" అనెను. నేనును నవ్వితిని. కాని తీసివేసిన ఆ మృదులాస్థి ముక్క తిరిగి రాదని నాకు తెలియును. ఇప్పుడు మా ఆటస్థలమున ఎవరైన మోకాలు పట్టుకొని కూర్చున్నచో నేను "లేచి నడువురా" అనను. ప్రక్కన కూర్చుండి, "చప్పుడు వినబడినదా?" అని అడుగుదును.